యాక్షన్ డైరెక్ట్ గురించీ, నీ అరచేతి నొప్పి గురించీ

ఏరా శీనూ,

"పదిహేను మీటర్ల రాయికి ఇంత హడావుడేంట్రా?" అని రాశావు. ఎత్తు చూసి మోసపోకు. యాక్షన్ డైరెక్ట్ అంటే జర్మనీలో ఫ్రాంకెన్‌జురా అడవుల్లోని వాల్డ్‌కాఫ్ బండ మీద రాక్ క్లైంబర్లు ఎక్కే ఒక దారి. సున్నపురాయి గోడ దాదాపు 45 డిగ్రీలు మన మీదకి వాలి ఉంటుంది. పట్టుకోవడానికి ఉన్నవల్లా రంధ్రాలే, వాటిల్లో ఒక వేలో రెండు వేళ్లో దూరతాయి. మన బెలూం గుహల్ని తొలిచిన నీటి పనే ఇదీ, కాకపోతే వేలి కొలతలో! భువనగిరి గ్రానైట్ మీద పాదాల ఒరిపిడిని నమ్ముకుని లేచిపోతాం చూడు, ఆ విద్య ఇక్కడ చెల్లదు. గోడ అంత వాలితే బరువంతా వేళ్ల మీదే పడుతుంది.

జర్మన్ క్లైంబర్ వోల్ఫ్‌గాంగ్ గ్యులిష్ ఈ దారిని మొదటిసారి 1991 సెప్టెంబరు 14న ఎక్కాడు. మొత్తం 16 మూవ్‌లు. మొదటిదే దూకుడు: కింది రంధ్రం పట్టుకుని ఎగిరి, పైదాన్ని ఒకటి రెండు వేళ్లతో అందుకోవాలి. అందినా సగం పనే అయినట్టు. కాళ్లు గాల్లో ఊగిపోతాయి, ఆ ఊపునీ వేళ్లే ఆపాలి. దారి ఎంత కష్టమో చెప్పే గ్రేడుల్లో 9ఎ అందుకున్న మొట్టమొదటి దారి ఇదేనని చాలామంది అంటారు. అంతకు ముందు ఏడాది ఇంగ్లండ్‌లో బెన్ మూన్ ఎక్కిన 'హబుల్' అనే దారి కూడా 9ఎనే అని వాదించేవాళ్లున్నారు. నా మటుకు ఆ తగాదా అనవసరం. గ్యులిష్ తర్వాత రెండోవాడు, అలెగ్జాండర్ ఆడ్లర్, 1995లో గానీ ఎక్కలేదు. మొదటి మహిళ మెలిస్సా ల నెవే ఎక్కింది 2020లో.

ఆ ఎగిరి పట్టే బలం కోసమే గ్యులిష్ క్యాంపస్ బోర్డు వాడాడు. వాలుగా నిలబెట్టిన బోర్డుకి చెక్క పట్టీలు, కాళ్లు తగలకుండా చేతులతోనే ఎక్కాలి. 1988లో న్యూరెంబర్గ్‌లో 'క్యాంపస్' అనే జిమ్‌లో పెట్టాడు కాబట్టి ఆ పేరు. నువ్వు కొనాలనుకుంటున్నదీ అదే కదా, ఆగు. రెండేళ్లయినా గట్టిగా ఎక్కినవాళ్లకే అది. ఎదిగే వయసు పిల్లల్ని దాని దగ్గరికి రానివ్వకు, వేలి ఎముకల ఎదిగే చోటే దెబ్బతింటుంది. మొదట్లో కాళ్లు ఆనించే చెయ్యి. 4 సెట్లు చాలు, మధ్యలో 3 నిమిషాల విశ్రాంతి తప్పదు. పట్టీ మీద పడేటప్పుడు చప్పుడు ఎక్కువైతే అలసిపోయావన్నమాట, ఆ రోజుకి ఆపెయ్.

ఇక నీ నొప్పి. ఒక్క వేలిని రంధ్రంలో పెట్టి మిగతావాటిని గట్టిగా ముడిస్తే పక్కపక్కనే ఉన్న స్నాయువులు ఒకదానికొకటి ఎదురు దిశల్లో జారతాయి. వాటి మధ్య అరచేతిలో ఉండే చిన్న కండరం చిరుగుతుంది. ఉంగరపు వేలికే ఇది ఎక్కువ. పరీక్ష తేలిక: టేబుల్ అంచుని ఉంగరపు వేలొక్కదానితో మెల్లగా లాగు, మిగతావి ముడిచి ఉంచు. తర్వాత నాలుగూ కలిపి లాగు. మొదటిదానికి నొప్పి పుట్టి రెండోదానికి పుట్టకపోతే అనుమానం ఆ కండరం మీదే. వేలిని పక్క వేలితో కలిపి టేప్ చుట్టు, రంధ్రాల జోలికి పోకు, డాక్టరుకి చూపించు. కణుపు మడత దగ్గర 'టప్'మని శబ్దం వచ్చి వాచి ఉంటే మాత్రం లెక్క వేరు, పుల్లీ, అంటే స్నాయువుని ఎముకకి అంటిపెట్టి ఉంచే పట్టీ, తెగి ఉండొచ్చు, అప్పుడు స్కాన్ తప్పదు.

రెండిట్లో నీది ఏదో వెంటనే రాయి.

నీ
గోపి