చీరల బ్రాడ్‌కాస్ట్ పంపే ముందు ఇది చూడండి

అందరికీ నమస్కారమండీ. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో, అంటే ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే లిస్టులో, 256 మంది వరకే పడతారు. అందులోనూ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. ఫొటోలు పంపినా జవాబు రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే షాపు పేరుతో నంబరు సేవ్ చేయించండి.

బొటిక్‌ల వాళ్లకు, ఇంటికి కొనేవాళ్లకు వేర్వేరు లిస్టులు పెట్టండి. హోల్‌సేల్ ధర బయటపడితే ఆ బొటిక్ మళ్లీ మన గడప తొక్కదు.

అంచు, పల్లు, బ్లౌజు ముక్క పగటి వెలుతురులో విడివిడిగా తీయండి. ఫ్లాష్ వేస్తే రంగు మారి కనిపిస్తుంది, చీర వెనక్కొస్తుంది.

కొత్త బొటిక్‌లను ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికి, వాళ్లు అమ్మే రకం చూసి, దానికి తగ్గ రెండు చీరలే పంపండి. దయచేసి ఒకేసారి యాభై ఫొటోలు కుమ్మరించకండి. ఎక్కువమంది బ్లాక్, రిపోర్ట్ కొడితే నంబరే ఆగిపోవచ్చు.