పొలమారితే పైకి చూడమనకు

హనుమకొండ

ప్రియ మిత్రమా,

మీ బాపు పక్షవాతం నుంచి కొంత కోలుకుని కరీంనగర్ ఇంటికి చేరారని, అయితే చారన్నం పెట్టినా పొలమారుతున్నదని నువ్వు రాసిన ఉత్తరం అందింది. నిరుడు మా పెద్దబాపుకు ఇదే అవస్థ వచ్చినప్పుడు నేను చేసిన పొరపాట్లే నువ్వూ చేస్తుంటావేమోనన్న అనుమానంతో వెంటనే రాస్తున్నాను.

మనకు తెలిసిన వైద్యం ఒక్కటే కదా: మాడు మీద తట్టి, "పైకి చూడు, ఎవరో తలచుకుంటున్నారు" అనడం. పది రోజులు నేనదే చేశాను. ఈయనను ఇంతమంది తలచుకుంటారని తనకిన్నాళ్లూ తెలియదని పెద్దమ్మ నవ్వింది కూడా. పైగా ఆయన, ఎంగిలి కాకూడదని, జీవితమంతా చెంబు ఎత్తి గొంతులో పోసుకున్న మనిషి. మింగే శక్తి మందగించినవారికి ఆ రెండూ చేటేనని, మాటతోపాటు మింగడాన్నీ సరిదిద్దే స్పీచ్ థెరపిస్టు చెప్పేదాకా నాకు తోచలేదు. తల వెనక్కి వాలితే, మింగడానికి గొంతు సిద్ధపడకముందే నీళ్లు జారి, మూసుకోని శ్వాసనాళంలోకి దిగే ప్రమాదం ఉంటుంది.

ఆమె మొదట నేర్పినది, నిటారుగా కూర్చోబెట్టి, గదవను ఛాతీ వైపు దించి మింగించడం. అప్పుడు నాలుక వెనుక మొదలు భాగం గొంతు వెనుక గోడకు దగ్గరవుతుంది, శ్వాసనాళపు వాకిలి ఇరుకవుతుంది. చెప్పినంత సులువు కాదు సుమా! గ్లాసు సగానికి తగ్గాక తల ఎత్తక తప్పదు కనుక, మేము నీళ్లను చెంచాతోనే ఇచ్చాము; నేను నిలబడి తినిపిస్తే ఆయన నన్ను చూడటానికి తల ఎత్తుతున్నారని గమనించి, ఎదురుగా ఎత్తు తక్కువ పీట వేసుకుని కూర్చున్నాను.

నేను తలకిందులుగా అర్థం చేసుకున్నది రెండో భంగిమ. గొంతులో ఒక పక్క చచ్చుబడితే ముఖాన్ని ఆ బలహీనమైన పక్కకే తిప్పి మింగాలి. అలా తిప్పినప్పుడు ఆ పక్క దారి మూసుకుని, ముద్ద బలమైన పక్క నుంచి దిగుతుంది. తలను భుజం మీదికి వాల్చడం మాత్రం బలమైన పక్కకే. నాలుక ముద్దను వెనక్కి నెట్టలేని కొందరికి తల కొద్దిగా పైకెత్తమనడమూ ఉన్నది కానీ, శ్వాసనాళం బాగా మూసుకుంటున్నదని పరీక్షలో తేలితేనే.

ఆ పరీక్ష, ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడే బేరియం అనే పదార్థం కలిపిన ఆహారం మింగించి తీసే ఎక్స్‌రే వీడియో. దానిని ప్రపంచానికి అలవాటు చేసినవారిలో ముఖ్యురాలు అమెరికా శాస్త్రవేత్త జెరి లోగెమన్. ఆమె బృందం డిమెన్షియా (మతిమరుపు జబ్బు) లేదా పార్కిన్సన్ (వణుకుడు) వ్యాధి ఉన్న 711 మందిని పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పలుచని ద్రవం శ్వాసనాళంలోకి పోకుండా ఆపడంలో గదవ దించడం కంటే తేనెలా చిక్కబరచడమే మెరుగని తేలింది. వారు మీ బాపు వంటి రోగులు కారు, నిజమే. అయినా భంగిమ ఒక్కటే చాలునని నమ్మి కూర్చోవద్దు. కొందరికి దగ్గు కూడా రాకుండానే లోపలికి పోతుంది కనుక, దగ్గలేదని ధీమా పడవద్దు. తిన్నాక గొంతు తడిగా, గురగురమని పలికితే డాక్టరుకు చెప్పు.

తిన్నాక అరగంట పడుకోనివ్వకు, నోరు శుభ్రం చేయించు. సర్వపిండి అడిగితే మాత్రం మనసు రాయి చేసుకోవలసిందే. మా పెద్దబాపు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

మీ బాపుకు ఏ పక్క చచ్చుబడిందో, వీడియో పరీక్ష జరిగిందో లేదో రాయి. ఆదివారం నేనే వచ్చి పక్కన కూర్చుని చూస్తాను.

నీ మిత్రుడు