నీ మెడ దురద ఎక్కడ మొదలైంది

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అంది రెండు రోజులైంది. కుశల ప్రశ్నలు తర్వాత అడుగుతాను, ముందు ఆ స్వెటర్ సంగతి తేల్చాలి. "ఉన్ని నాకు పడదు, ఎలర్జీ, ఎవరికైనా ఇచ్చేస్తాను" అని రాశావు. ఇచ్చెయ్యి, తప్పేమీ లేదు. కానీ ఉన్ని మీద ఆ నింద మాత్రం వెయ్యకు. రోజంతా ఉన్ని పోగుల మందం కొలిచే ఉద్యోగం నాది. ఆ మాట చదివి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

నీ మెడ మీద జరిగింది ఇదీ. బట్ట లోంచి పొడుచుకొచ్చిన పోగు కొస చర్మానికి ఆనినప్పుడు, సన్నదైతే వంగి పక్కకు ఒరుగుతుంది. లావుదైతే వంగదు, నొప్పిని పసిగట్టే నరాల కొసలను నొక్కుతుంది. పోగు మందం రెట్టింపైతే బిగువు రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుంది. ఆస్ట్రేలియా ప్రభుత్వ విజ్ఞాన పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. పరిశోధకులు 1980లలో దీన్ని శ్రద్ధగా పరీక్షించారు. సుమారు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మందం దాటిన పోగులు నూటికి ఐదుకు మించి ఉంటే చాలామందికి గుచ్చుకుంటుందని తేలింది. అందుకే నేను ఎవరైనా సగటు మందం ఒక్కటే చెబితే తృప్తి పడను. సగటు బాగానే ఉండి, నూటికి ఐదారు మొండి పోగులు కలిసినా చాలు, ఆ బట్ట కట్టుకోలేం. కాబట్టి నీకు పడనిది ఉన్ని కాదు, అందులోని లావు పోగులు.

మరి ఆ లావు పోగులు ఎక్కడి నుంచి వచ్చాయి? జవాబు కోసం గొర్రెపిల్ల పుట్టకముందుకు వెళ్లాలి. ఈ వృత్తిలో నన్ను అన్నిటికన్నా కదిలించిన విషయం ఇదే.

గొర్రె చూలు సుమారు 150 రోజులు. పిండం చర్మంలో మొదట కొన్ని రోమకూపాలు ఏర్పడతాయి. వీటిని ప్రాథమిక కూపాలంటారు. ఒక్కోదానికి చెమట గ్రంథి, వెంట్రుకను నిక్కబొడిపించే చిన్న కండరం కూడా ఉంటాయి. చూలు సగం దాటాక ద్వితీయ కూపాలు మొదలవుతాయి, ఈనే రోజులు దగ్గరపడేకొద్దీ ఒకదాన్నుంచి ఒకటి కొమ్మల్లా చీలుతూ పెరుగుతాయి. మెత్తటి ఉన్నికి పేరుపడ్డ మెరినో జాతి గొర్రెల్లో ఒక్కో ప్రాథమిక కూపానికి దాదాపు ఇరవై ద్వితీయ కూపాలు ఉంటాయి. ముతక ఉన్ని జాతుల్లో మూడో, నాలుగో, ఐదో. ఉన్నచోటే ఇంతమంది ఇరుక్కుని, ఉన్న ఆహారాన్నే పంచుకుంటే ప్రతి పోగూ సన్నగానే వస్తుంది. మెరినో మెత్తదనం వెనక ఉన్నది ఈ కిక్కిరిసిన చర్మమే.

ఇక్కడే మనసు పట్టేసే సంగతి ఉంది. పుట్టిన తరువాత కొత్త కూపాలు ఏర్పడవు. ఏర్పడినవి మాత్రం తొలి నెలల్లో పక్వానికి వస్తాయి. చూలు చివరి వారాల్లో తల్లికి మేత చాలకపోయినా, పిల్లకు పాలు చాలకపోయినా కొన్ని కూపాలు పక్వానికి రాకుండానే ఉండిపోతాయి. ఆ తరువాత పచ్చిక మైదానంలో వదిలినా ఆ లోటు పూడదు, బతికినంత కాలం దాని ఉన్ని కాస్త తక్కువగా, కాస్త ముతకగా ఉంటుంది. కవలపిల్లల్లో ఇది కనిపిస్తుంది. ఒంటిగా పుట్టినవాటి కంటే వాటి ఉన్ని కొంచెం తగ్గుతుంది.

ఇదే ఆకలి పెద్ద గొర్రెకు వస్తే ఫలితం తిరగబడుతుంది, చూశావా! పెరిగిన గొర్రెను పస్తు పెడితే కూపాల సంఖ్య తగ్గదు, ఒక్కో కూపం ఉత్పత్తి చేసే పోగు సన్నబడుతుంది. కొలిస్తే మైక్రాన్లు తక్కువ, పైకి చూస్తే మేలురకం. కానీ లాగితే తెగుతుంది. మా బల్ల మీదకు అలాంటి ఉన్ని కుచ్చు వచ్చినప్పుడు నాకు కోపం వస్తుంది. ఆ సన్నదనం జాతి గుణం కాదు, గొర్రె ఆకలి. రెంటినీ వేరు చేసి చూపలేని కొలత అబద్ధం చెబుతున్నట్టే.

ఆకలి అంటే ఉత్త గడ్డి చాలకపోవడమే కాదు. ఉన్ని ముఖ్యంగా కెరాటిన్ అనే మాంసకృత్తి, దానికి గంధకం ఉండే సిస్టీన్ అనే అమైనో ఆమ్లం (మాంసకృత్తిని కట్టే ఇటుక లాంటిది) బాగా కావాలి. గొర్రె తిన్న మాంసకృత్తుల్లో చాలా భాగాన్ని దాని నాలుగు పొట్టల్లో మొదటిదానిలోని సూక్ష్మజీవులు విడగొట్టి తమకు తగినట్టు వాడుకుంటాయి. 1963లో రైస్, షింకెల్ అనే పరిశోధకులు ఆ పొట్టను తప్పించి, గంధకమున్న అమైనో ఆమ్లాలను నేరుగా నాలుగో పొట్టలోకి ఎక్కించి చూశారు. ఉన్ని పెరుగుదల గణనీయంగా పెరిగింది. అంటే కూపాల్లో శక్తి అంతకుముందే ఉంది, సరుకు అందడమే కరువు.

రాగి కథ ఇంకా బాగుంటుంది. మేతలో రాగి తక్కువైతే ఉన్నిలోని అలల వంపులు మాయమై పోగులు ఉక్కు తీగల్లా నిటారుగా, మెరుస్తూ వస్తాయి. నల్ల గొర్రెల్లో ఇంకో గుర్తు కూడా ఉంటుంది. రంగు వెలిసిపోతుంది. రాగి అందగానే మళ్లీ నలుపు తిరుగుతుంది, పోగు వెంట చారలు మిగులుతాయి. దక్షిణ ఆస్ట్రేలియా తీరపు ఇసుక నేలల్లో కళ్లెదుట గడ్డి ఉన్నా గొర్రెలు క్షీణించి చనిపోయేవి. అక్కడ రాగితో పాటు కోబాల్ట్ అనే లోహం కూడా లోపించిందని 1930లలో మార్‌స్టన్, లైన్స్ అనే పరిశోధకులు కనిపెట్టారు. రోజుకు ఆవగింజంతైనా అక్కర్లేని లోహం కోసం మందలు మందలు రాలిపోయాయి. అది బి12 విటమిన్‌లో ఇమిడి ఉండేదని ఆ తరువాత తెలిసింది.

పోగులో తేదీలు గుర్తించేందుకు పరిశోధకులు ఒక పద్ధతి వాడతారు. గొర్రె చర్మానికి ఆనించి ఉన్ని మొదట్లో రంగుతో సన్నని గీత గీస్తారు, కొన్ని వారాలకు మరొకటి. కత్తిరించాక రెండు గీతల మధ్య దూరం కొలిస్తే ఆ వారాల్లో ఎంత పెరిగిందో తెలుస్తుంది. అలాంటి కుచ్చు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఇక్కడ జబ్బు చేసింది, ఇక్కడ వాన పడి పచ్చిక వచ్చింది, ఇక్కడ ఈనింది అని వేలితో చూపించాలనిపిస్తుంది. తెగేచోటు కూడా అలాగే దొరుకుతుంది, సాధారణంగా ఆ కష్టకాలం దగ్గరే.

స్వెటర్ ఇచ్చేసే ముందు నాకోసం ఒక పని చెయ్యి. దాని మెడ దగ్గర లోపలివైపు నుంచి పది పన్నెండు పోగులు పీకి, కాగితం మడతలో పెట్టి ఉత్తరంతో పాటు పంపించు. సూక్ష్మదర్శిని కింద పెట్టి కొలుస్తాను. నిన్ను గుచ్చిన పోగులు ఎన్నో, ఎంత లావో రాస్తాను. పిల్లల చదువులు, నీ మోకాలి నొప్పి సంగతి కూడా అందులోనే రాయి.

నీ
మురళి