చందా పుస్తకంతో పాటు నెలకో సాయంత్రం కూడా కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

వినాయక చవితి దగ్గర పడింది. మా విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో చందా పుస్తకాలు బయటికొచ్చాయి. మొన్న సాయంత్రం గంటలో మూడు జట్ల పిల్లలు వచ్చి తలుపు కొట్టారు. ఇచ్చింది రాసుకుని, రసీదు చింపి చేతిలో పెట్టి వెళ్లిపోయారు. వాళ్లలో ఒక్కరి పేరు నాకు తెలియదు. నా పేరూ వాళ్లకు తెలియదు. రసీదు మీద ‘టైలరింగ్ ఆంటీ’ అని ఉంది. పందిరి వేయడం మంచిదే, నేను ఏటా ఇస్తూనే ఉన్నాను. కానీ ఒకే సందులో ఏళ్ల తరబడి ఉంటూ ఒకరి పేరు ఒకరికి తెలియకపోవడం మాత్రం చిన్న విషయం కాదు. అది ఎంత ప్రమాదమో 2024 వరదలో మాకు రెండు మూడు రోజుల్లో తెలిసొచ్చింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లవారేసరికి బుడమేరు వాగు నీళ్లు సందులోకి వచ్చేశాయి. ముందు మడమల దాకా ఉన్నాయి. మోటారు సైకిళ్లు అరుగు ఎక్కించుకుంటే చాలనుకున్నాం. మధ్యాహ్నానికి నడుం దాటాయి. కింది వాటాల వాళ్లంతా పిల్లల్ని ఎత్తుకుని మా మేడ మీదికి వచ్చేశారు. కరెంటు లేదు, సాయంత్రానికి ఫోన్లు ఆగిపోయాయి. మర్నాటికి అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోందని, బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదని మాకు తర్వాత తెలిసింది. పడవలు మెయిన్ రోడ్డు దాకానే వచ్చేవి. ఈదుకుంటూనో, టైరు ట్యూబు పట్టుకునో అక్కడిదాకా పోగలిగిన వాళ్లకు పాలు, పులిహోర పొట్లాలు దొరికేవి. పోలేని వాళ్లకు ఎవరో ఒకరు తెచ్చిపెట్టాలి. ఎవరింట్లో ఎవరున్నారో తెలిస్తేనే కదా తెచ్చిపెట్టేది.

మూడో రోజు పొద్దున మా అబ్బాయి డాబా మీది నుంచి చూస్తే, వెనక ఇంటి పై గది కిటికీలోంచి ఎవరో చీర ఊపుతున్నారు. ఆ గదిలో మనుషులున్నారన్న సంగతే మాకు తెలియదు. కుర్రాళ్లు నలుగురు థర్మాకోల్ అట్టలు కట్టుకుని వెళ్లారు. ముసలి దంపతులు. కొడుకు హైదరాబాదులో ఉంటాడట. ఉన్న బిస్కెట్లు అయిపోయి రెండో రోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు. తాతగారికి షుగరు, ఇన్సులిన్ తీసుకోవాలి. మందు ఫ్రిజ్‌లో ఉంది, ఫ్రిజ్ ఆగిపోయి రెండు రోజులైంది. మా ఇంట్లో వేసవిలో వాడే మంచినీళ్ల కుండ ఉంటే, మందు డబ్బాను కవర్లో చుట్టి అందులో పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టాం. ఆ మందు ఇంకా పనిచేస్తుందా, తిండి లేని మనిషికి ఎంత ఎక్కించాలి, అసలు ఎక్కించొచ్చా అని అడుగుదామంటే చెప్పే దిక్కు లేదు. మామ్మగారు ఏడుస్తూ కూర్చున్నారు. చివరికి మా మరిది ఆయన్ని ట్యూబు మీద పడుకోబెట్టి మెయిన్ రోడ్డుకు తీసుకెళ్లి పడవ ఎక్కించాడు. దేవుడి దయ, ఆయన బాగానే ఉన్నారు.

నీళ్లు తీశాక, సందులో బురద ఎత్తుతుంటే నాలుగిళ్ల అవతల అమ్మాయి ఒకామె మాతో పాటు పార పట్టింది. మాటల్లో తెలిసింది, ఆమె నర్సు. పన్నెండేళ్ల నుంచి ఆసుపత్రిలో పనిచేస్తోంది. మూడేళ్ల నుంచి మా సందులోనే ఉంటోంది. ఆ మూడు రోజులూ ఆమె తన డాబా మీద ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఒక్కతే ఉంది. ‘ఒక్క కేక వేసి ఉంటే వచ్చేదాన్ని కదా అక్కా’ అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కేక వేయాలంటే ఆమె ఎవరో తెలియాలి. మూడేళ్లలో పొద్దున్నే బండి తీసుకుని వెళ్లడం చూశానే తప్ప, ఏం చేస్తావమ్మా అని నేను ఎప్పుడూ అడగలేదు.

ఆ కార్తీకంలో మొదలుపెట్టాం. నెలలో మొదటి ఆదివారం సాయంత్రం ఆరింటికి సందులో వీధి దీపం కింద కూర్చోవడం, అంతే. ఇందులో కొత్తేమీ లేదు. ఈ ఊళ్లో ఇళ్లకు అరుగులున్నప్పుడు రోజూ జరిగిన పనే ఇది. శ్రీరామనవమికి పానకం, వడపప్పు, సంక్రాంతికి బొమ్మల కొలువు పేరంటం, అట్లతద్దికి తెల్లవారుజామున పిల్లల ఆటలు... వీటన్నిటికీ పిలుపు వీధి మొత్తానికీ వెళ్లేది. ఇప్పుడు అరుగుల స్థానంలో సెల్లార్ పార్కింగులు వచ్చాయి. కార్తీక వనభోజనాలను చూడండి. ఉసిరి చెట్టు కింద నలుగురూ కలిసి తినాల్సిన భోజనానికి కులం పేరుతో ఫ్లెక్సీ కడుతున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఒకే సందులో ఉన్నవాళ్లు ఆ ఆదివారం ఆరు తోటలకు ఆరు బస్సుల్లో పోతున్నారు.

మా కూడికకు చందా లేదు, మైకు లేదు, ముఖ్య అతిథి లేడు. తిండి దగ్గర మొదట ఇబ్బంది వచ్చింది, దాచడం ఎందుకు. ఎవరింటి వంట ఎవరు తింటారన్న ప్రశ్న పైకి ఎవరూ అనలేదు కానీ ఇద్దరు ముగ్గురు గిన్నె వైపు చేయి చాపలేదు. అందుకని మొదటి రెండు నెలలూ ఉడకబెట్టిన వేరుశెనగ కాయలు, జామకాయలు, టీ పెట్టాం. శెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటే మాట దానంతటదే వస్తుంది. రంజాన్ వచ్చేసరికి మా పై వాటా ఆపా పెద్ద గిన్నెతో షీర్ ఖుర్మా తెచ్చింది. మొదటి కప్పు తీసుకున్నది చేయి చాపని వాళ్లలో ఒకావిడే. ‘ఇందులో ఖర్జూరం ఎంతసేపు నానబెట్టావమ్మా’ అని అడిగారు కూడా.

మా సందు చివర కడుతున్న అపార్ట్‌మెంట్ దగ్గర పలాస వైపు నుంచి వచ్చిన కూలీల కుటుంబాలున్నాయి. వాళ్లను ‘వాచ్‌మెన్ వాళ్లు’, ‘పనివాళ్లు’ అనేవాళ్లమే గానీ పేర్లు ఎరగం. మూడో నెల వాళ్లను కూడా పిలిచాం. ఒకామె చంటిబిడ్డను ఒళ్లో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది, మాట్లాడలేదు. మా అమ్మ మాత్రం తన చిన్నప్పటి నాట్ల పాట ఒకటి ఎత్తి మధ్యలో మర్చిపోయింది. అప్పుడు ఆమె మెల్లగా ‘మా వేపు ఊడుపుల కాడ ఇలా పాడతామమ్మా’ అని అందుకుంది. ఆమె ఒక చరణం పాడితే చివరి ముక్కను పక్కనున్న ఇద్దరాడవాళ్లు పట్టుకుంటారు, వాళ్లు లాగుతుండగా ఈమె ఊపిరి తీసుకుని తర్వాతి చరణం ఎత్తుతుంది. వంగి నాటుతూ పాడే పాటకు ఆ పద్ధతి ఎందుకు వచ్చిందో అప్పుడు నాకు అర్థమైంది. ఒక్కరే పాడితే ఊపిరి చాలదు. సందంతా నిశ్శబ్దంగా విన్నది. ఆ తర్వాత ఆమెను ఎవరూ పనిమనిషి అనలేదు, పేరు పెట్టే పిలుస్తున్నారు.

ఆ వెనక గది తాతగారు వయసులో ఉండగా పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారట! హార్మోనియం లేకుండానే పద్యం రాగం తీస్తే ఎనిమిదో క్లాసు పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి చూశారు. ఇప్పుడు ఇద్దరు పిల్లలు ఆదివారం పొద్దున ఆయన దగ్గర పద్యాలు నేర్చుకుంటున్నారు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర నేర్చుకుంటూ, ఎనిమిదేళ్ల వయసులో త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసింది ఈ బెజవాడలోనే. పిల్లవాడిని కూర్చోబెట్టి వినే మనుషులు ఉండబట్టే అది జరిగింది. ఊరికి తుమ్మలపల్లి కళాక్షేత్రం ఉంది, ఘంటసాల పేరుతో సంగీత కళాశాల ఉంది, ఏటా పుస్తక మహోత్సవం జరుగుతుంది. అవి ఊరి మొత్తానికీ. కూలికి పోయి వచ్చి అలసిన మనిషి అక్కడిదాకా రాలేడు. వాడికి నడిచి వెళ్లే దూరంలో కూర్చునే చోటు కావాలి.

ఆ చోటు దగ్గరే చిక్కంతా. వానాకాలంలో సందులో కూర్చోలేం. మాకు దగ్గర్లో ఒక సామాజిక భవనం ఉంది, ఎప్పుడు చూసినా తాళమే. అడగడానికి ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. ఒకసారి పెళ్లికైతే అద్దె ఇంత అన్నారు, ఒకసారి ఉత్తరం పెట్టుకోమన్నారు, మూడోసారి ఎవరి తరఫున అని అడిగారు. మా సందు తరఫున అంటే నవ్వారు. లేఅవుట్ వేసినప్పుడు 10 శాతం స్థలం అందరి కోసం ఖాళీగా వదలాలని నిబంధన ఉంది. అలా వదిలిన పార్కులు ఎన్ని కాలనీల్లో సాయంత్రం గేటు తీసి ఉంటున్నాయో మీ పాఠకులే చూసి చెప్పాలి. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని అందులో రాశారు. 2011 లెక్కల్లోనే మన ఊరు 10 లక్షలు దాటింది. కానీ పక్కింటివాడితో మాట్లాడని మనిషి వార్డు కమిటీలో ఎవరి తరఫున మాట్లాడతాడు?

నా కోరిక పెద్దది కాదు. ప్రతి డివిజన్‌లో ఉన్న సామాజిక భవనాన్ని గానీ పార్కును గానీ నెలకు ఒక్క సాయంత్రం, ఆరు నుంచి తొమ్మిది దాకా, ఆ చుట్టుపక్కల వాళ్లకు అద్దె లేకుండా ఇవ్వాలి. వార్డు సచివాలయంలో ఒక కాగితం రాసిస్తే సరిపోవాలి. వేదిక, దండలు, ఫ్లెక్సీలు లేకుండా ఇవ్వాలి. అవి వచ్చిన రోజు ఆడవాళ్లు, కూలీలు వెనక వరుసకు పోతారు, ఇది నేను చూసిందే. మైకు లేకపోతే పొరుగువారి నిద్రకూ, పిల్లల చదువుకూ ఇబ్బంది ఉండదు.

అందరూ వస్తున్నారని చెప్పను. నలభై కొంపల సందులో పదిహేను, ఇరవై కొంపల వాళ్లు వస్తారు. ఒకాయన కిటికీలోంచి వింటారు గానీ దిగి రారు. అయినా ఇప్పుడు నర్సమ్మ ఇంటి తలుపు వెనక ఒక కాగితం అంటించి ఉంది. ఏ ఇంట్లో ఒంటరి పెద్దవాళ్లున్నారు, ఎవరికి ఏ మందు, ఎవరికి ఈత వచ్చు, ఎవరి డాబా ఎత్తుగా ఉంది, అన్నీ అందులో ఉన్నాయి. ప్రతి మొదటి ఆదివారం దాన్ని సరిచేస్తుంది.

బుడమేరు నీళ్లు నిలిచిన గీత మా గోడల మీద రంగు వేసినా ఇంకా పైకి కనిపిస్తోంది. వానలు మళ్లీ మొదలయ్యాయి, పోయిన నెల కూడిక వాన వల్ల ఆగిపోయింది. సంబంధించిన అధికారులు ఈ ఉత్తరం చూస్తే, ఆ భవనం తాళంచెవి ఎవరి దగ్గర ఉందో చెప్తే చాలు. ఊడ్చుకోవడం, కుర్చీలు సర్దుకోవడం, తిరిగి తాళం వేసి అప్పగించడం మేమే చూసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ