ప్రమాదం తప్పిన తరువాత

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందినప్పటి నుంచి అందులోని ప్రశ్న నా మనసును వదలడం లేదు. మనుషుల అలికిడి లేని అడవిలో ఎవరో మన మీద ప్రాణాంతకంగా దాడి చేస్తే, మనం ఎదురుదెబ్బ కొట్టి బతికి బయటపడ్డాక, నెత్తురోడుతూ నేల మీద పడి ఉన్న ఆ మనిషి పట్ల మనకు ఇంకా బాధ్యత ఉంటుందా అని అడిగావు. ఉంటుందనే నేను నమ్ముతున్నాను. అది ఏ క్షణాన మొదలవుతుందన్నదే చిక్కు.

2000లో అమెరికాలోని మోంటానా రాష్ట్ర సుప్రీంకోర్టు ముందుకు ఇటువంటి ప్రశ్నే వచ్చింది. ఆత్మరక్షణ కోసం కత్తితో పొడిచానని చెప్పిన ఒక స్త్రీ, గాయపడినవాడి కోసం సాయం పిలవలేదన్న అభియోగం అది. దాడికి గురైన మనిషి మొదట తన ప్రాణాన్ని కాపాడుకుని సురక్షితమైన చోటికి చేరుకోవచ్చుననీ, అప్పటిదాకా దాడి చేసినవాడికి సాయపడవలసిన బాధ్యత ఉండదనీ, తాను క్షేమంగా ఉన్న తరువాత మాత్రం సాయం పిలవవలసిన బాధ్యత తిరిగి రావచ్చుననీ న్యాయస్థానం చెప్పింది. ఆ వరుస నాకు న్యాయంగానే తోస్తుంది. కానీ సురక్షితమైన చోటు రెండు రోజుల నడక దూరంలో ఉంటే, అక్కడికి చేరాక మొదలయ్యే బాధ్యత వల్ల ఆ మనిషికి ఒరిగేది ఏమీ ఉండదు. అందుచేత అడవిలో క్షేమం అంటే ఊరు చేరడం కాదు, ఎదుటివాడి వల్ల ముప్పు తొలగిపోవడం అని నేను అర్థం చేసుకుంటాను. చంపడానికే వచ్చిన శత్రుసైనికుడు కూడా గాయపడి పడిపోతే అతడికి చికిత్స చేయాలని 1949 నాటి జెనీవా ఒప్పందాలు నిర్దేశిస్తున్నప్పుడు, మనం అంతకంటే తక్కువకు ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

దీని అర్థం వెంటనే పరుగెత్తి దగ్గరకు వెళ్ళమని కాదు. చేతికి అందేంత దూరంలో ఆయుధం ఉంటే దూరంగానే నిలబడి దాన్ని అవతలికి విసిరేయమనాలి. వినకపోతే కట్టుగుడ్డలూ నీళ్ళూ అతడి వైపు విసిరి, గాయాన్ని గట్టిగా నొక్కి పట్టుకొమ్మని చెప్పాలి. దగ్గరకు వెళ్ళడం క్షేమమనిపిస్తే నెత్తురు ఆపడమే మొదటి పని. శుభ్రమైన గుడ్డను గాయం మీద పెట్టి బలంగా అదమాలి, అది తడిసిపోతే తీయకుండా దాని మీదే మరొకటి పెట్టాలి. చేతి నుంచో కాలి నుంచో కారే నెత్తురు అదిమినా ఆగకపోతే, గాయానికి పైన, కీలు మీద పడకుండా, వెడల్పాటి గుడ్డ కట్టి, ముడిలో కర్ర దూర్చి, నెత్తురు ఆగేదాకా మెలితిప్పాలి. కట్టిన సమయం రాసి పెట్టాలి, వైద్యులు దాన్ని తప్పక అడుగుతారు. నెత్తురు పోయిన శరీరం త్వరగా చల్లబడుతుంది కనుక, పైన కప్పడంతో పాటు కింద కూడా ఏదైనా పరచాలి. ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే పరికరం ఉంటే దాన్ని వెంటనే ఆన్ చేయాలి. లేకపోతే ఆ చోటును గుర్తుపట్టేలా రంగు గుడ్డ కట్టి, సాయం కోసం బయలుదేరాలి.

"ఎలాగూ బతకడు" అనుకుని వెళ్ళిపోవచ్చు కదా అని నీవు రాశావు. అక్కడ నీతో ఏకీభవించలేను. భయంతో వణుకుతున్న మనిషి మరొకరి ఆయువును అంచనా వేయగలడని నేను అనుకోను. పైగా ఆ అంచనా మనకు అనుకూలంగానే ఉంటుంది.

అతడు చనిపోతే పాతిపెట్టకూడదు, ఆయుధాన్ని కడగకూడదు, అవసరానికి మించి ఏదీ కదపకూడదు. చూసేవారు లేరు కాబట్టి నిజానికి ఉన్న సాక్షివి నీవు ఒక్కడివే. న్యాయవాదితో మాట్లాడాకే వివరాలు చెబుతాననడం నీ హక్కు, అందులో తప్పు లేదు. కానీ ఒక మనిషి ఫలానా చోట పడి ఉన్నాడన్న మాటను మాత్రం ఆపకూడదు, ఎందుకంటే అతడి కోసం ఎదురుచూసే తల్లి ఏ నేరమూ చేయలేదు.

ఈసారి ప్రయాణానికి ముందు నెత్తురు ఆపే పట్టీ కట్టడం ఎవరి దగ్గరైనా నేర్చుకో. నా వాదనలో నీకు ఎక్కడ అభ్యంతరమో దాచకుండా రాయి.

నీ మిత్రుడు