ఆగస్టు 10న కోడూరుకు ఒక అధికారిని పంపండి: సాంఘిక సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను రైల్వే కోడూరు నుంచి రాస్తున్నాను. ఇక్కడి లూథరన్ సంఘంలో సంఘ పెద్దను. ఈ ఆగస్టు 10న కోడూరు, రాజంపేట వైపు పల్లెల్లో ఉన్న మా సంఘాలు ఒకచోట కూడుకుంటున్నాయి. అయ్యగార్లు (మా పాస్టర్లు), స్త్రీల సమాజం వాళ్లు, యువజనులు, తోటల్లో కూలికి పోయే ఆడవాళ్లు, కువైట్‌లో ఏళ్ల తరబడి ఇంటిపని చేసి తిరిగొచ్చినవాళ్లు అందరూ వస్తారు. ఆ రోజుకు ముందే, దళిత క్రైస్తవులకు రాష్ట్రం ఇచ్చే రాయితీల విషయం ఒకటి మీకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. మీ శాఖ తలుచుకుంటే అయ్యే పని.

ఆగస్టు 10నే ఎందుకు కూడుకుంటున్నామో మీకు తెలిసే ఉంటుంది. 1950లో అదే తేదీన రాష్ట్రపతి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వచ్చింది. హిందూ మతం కాక వేరే మతంలో ఉన్నవాళ్లను షెడ్యూల్డ్ కులాల వాళ్లుగా లెక్కించకూడదని అందులోని మూడో పేరా చెప్పింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉండిపోయారు. అందుకే దేశమంతటా దళిత క్రైస్తవులు ఈ తేదీన నిరసన తెలుపుతారు. ఆ పేరా తీసేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. సుప్రీంకోర్టులో 2004లోనే పిటిషన్ పడింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది, గడువు పొడిగిస్తూ వచ్చింది. మన శాసనసభ 2023 మార్చి 24న దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి పంపింది.

అది తేలినప్పుడు తేలుతుంది. మా అయ్యగార్లు దాని కోసం ప్రార్థిస్తారు, మేము ఊరేగింపు తీస్తాం, కలెక్టరు గారికి మెమోరాండం ఇస్తాం. కానీ మీ శాఖ బీరువాలోనే ఉన్న ఒక కాగితం గురించి మిమ్మల్ని తప్ప ఎవరిని అడగాలి?

ఆ కాగితం 1977 ఆగస్టు 30న సాంఘిక సంక్షేమ శాఖ ఇచ్చిన జీవో ఎంఎస్ నంబరు 341. షెడ్యూల్డ్ కులాలకు రాష్ట్ర ప్రభుత్వం చట్టం తప్పనిసరి చేయకపోయినా తనంతట తాను ఇచ్చే రాయితీలను, ఆ కులాల నుంచి క్రైస్తవంలోకి, బౌద్ధంలోకి మారినవాళ్లకు కూడా వర్తింపజేయాలని అది చెబుతుంది. ఎన్నికల్లో రిజర్వుడు సీటు, ఎస్సీ కోటాలో ఉద్యోగం, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దీని కిందికి రావు. ఆ సంగతి మాకు తెలుసు, అవి మిమ్మల్ని అడగడం లేదు. రాష్ట్రం తన ఖజానా నుంచి తన పథకాల కింద ఇచ్చేవే దీని కిందికి వస్తాయి. రాజ్యాంగంలోని 341వ అధికరణం కింద ఇచ్చిన ఉత్తర్వు మమ్మల్ని జాబితా నుంచి పక్కన పెడితే, 341 నంబరున్న జీవోతో మన రాష్ట్రం కొంతైనా సర్దిచెప్పింది. ఆనాటి ప్రభుత్వం మంచి మనసుతో చేసిన పని అది. దానికి మేము ఇప్పటికీ కృతజ్ఞులమే.

మరి ఈ జీవో కింద ఇప్పుడు ఏ ఏ పథకాలు వస్తాయి? ఆ జాబితా మా సచివాలయాల్లో ఎక్కడా దొరకదు.

మా సంఘంలో ఒక అక్క ఉంది. మామిడి కాలంలో కాయలు కోస్తుంది, మిగతా రోజుల్లో అరటి గెలలు మోస్తుంది, బొప్పాయికి కాగితాలు చుడుతుంది. భర్త లేడు. చిన్న కూతురికి అంబేడ్కర్ గురుకులంలో సీటు వచ్చింది. ఎవరూ సిఫారసు చేయలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. ఎందుకంటే గురుకులాల ప్రవేశాల్లో బీసీ-సీ, అంటే క్రైస్తవంలోకి మారిన ఎస్సీల గ్రూపు పిల్లలకు 12 శాతం సీట్లని నోటిఫికేషన్‌లోనే అచ్చు వేస్తారు. పిల్ల పరీక్ష రాసింది, సీటు వచ్చింది, ట్రంకు పెట్టె కొనుక్కుని వెళ్లిపోయింది. అదే అక్క పండ్ల బండి పెట్టుకుందామని సబ్సిడీ రుణానికి వెళ్తే ఒక ఆఫీసులో నువ్వు క్రిస్టియన్ కదా, ఇక్కడ కాదు, మైనారిటీ వాళ్ల దగ్గరకు పో అన్నారు. అక్కడికి పోతే సర్టిఫికెట్ బీసీ-సీ అని ఉంది, బీసీ వాళ్ల దగ్గర అడుగు అన్నారు. వాళ్లేమో మీరు మొదట ఎస్సీలే కదా, ఎస్సీ ఆఫీసుకే పోవాలి అన్నారు. ఒక్కరు కూడా కాగితం మీద రాసివ్వలేదు. పోయిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయింది, బస్సు చార్జీ పోయింది. చివరికి నాకెందుకులే అన్నా, తోటకే పోతా అంది.

ఒకే ఇల్లు, ఒకే సర్టిఫికెట్. అచ్చులో ఉన్న చోట హక్కు దక్కింది. అచ్చులో లేని చోట, కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషికి తోచిందే రూలయింది. నేను ఆ ఉద్యోగులను తిట్టడం లేదు. వాళ్ల ముందున్న కంప్యూటర్‌లో ఆ గడి లేదు, పై నుంచి వచ్చిన మెమో లేదు. లేనిదాన్ని సొంతంగా ఇచ్చి రేపు ఆడిట్‌లో ఎవరు ఇరుక్కుంటారు? అందుకే ఈ లేఖ మండలానికో జిల్లాకో కాకుండా మీకు రాస్తున్నాను.

అక్కను పంపించినట్టు మమ్మల్ని నోటిమాటతో పంపించడం చిన్న విషయం కాదని మీకు అర్థం కావాలంటే సూసై కేసు గుర్తు చేయాలి. మద్రాసులో రోడ్డు పక్కన కూర్చుని చెప్పులు కుట్టుకునే మనిషి సూసై. ఆది ద్రావిడ కులం, క్రైస్తవుడు. చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చినప్పుడు ఆయన హిందువు కాదని ఇవ్వలేదు. పక్కన కూర్చుని అదే పని చేసుకునేవాళ్లకు నీడ వచ్చింది, ఈయన ఎండలోనే ఉన్నాడు. 1985లో సుప్రీంకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. మతం మారాక కూడా కులం వల్ల పడే బాధ అంతే తీవ్రంగా ఉందని చూపించే ఆధారాలు ముందుకు రాలేదని చెప్పింది.

ఆధారం అంటే కాగితమే కదండీ. మమ్మల్ని వెనక్కి పంపిన ప్రతిసారీ, ఫలానా కారణంతో ఇవ్వలేదు అని ఒక్క వాక్యం రాసిచ్చి ఉంటే ఈ పాటికి కమిషన్ల ముందు పెట్టడానికి గుట్టలు గుట్టలుగా ఆధారాలుండేవి. నోటితో పొమ్మంటే మా దగ్గర ఏం మిగులుతుంది?

కాగితం గురించే ఇంకో మాట. ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది. మా లూథరన్ సంఘాలకు రిజిస్టర్లంటే ప్రాణం. 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో అడుగు పెట్టిన నాటి నుంచి, 1865లో జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్లు మా దక్షిణం వైపు సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టిన నాటి నుంచి, బాప్తిస్మం, పెళ్లి, భూస్థాపన అన్నీ పుస్తకంలో రాసుకోవడం మా అలవాటు. ఊరి లెక్కల్లో మనిషిగా కూడా లెక్కలేని మా తాతలకు, తండ్రి పేరుతో తల్లి పేరుతో సహా తమ పేరు రాసి ఉన్న మొదటి పుస్తకం అదే. ఇప్పుడు ఆ పుస్తకంలో పేరు రాయొద్దని బతిమాలుకునే తల్లిదండ్రులు ఉన్నారు. క్రైస్తవులని తేలితే ఎస్సీ సర్టిఫికెట్ రద్దయి బిడ్డ చదువు, ఉద్యోగం పోతాయేమోనని భయం. బాప్తిస్మం ఇవ్వండి అయ్యగారూ, రిజిస్టరులో మాత్రం రాయకండి అంటారు. ఆ అయ్యగారు ఏం చేయాలి? విశ్వాసానికీ బతుకుకీ మధ్య ఇలా నలిగిపోతున్నవాళ్లను మోసగాళ్లని పేపర్లలో రాస్తుంటే కడుపు మండుతుంది. ఆ పల్లెను ఊరికి దూరంగా కట్టించింది వాళ్లు కాదు. గుడి మారినా పల్లె మారలేదు, కూలి మారలేదు, పేరు చెప్పగానే ఎదుటివాళ్లు చూసే చూపు మారలేదు.

2025లో మన హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన కేసులో తీర్పు ఇచ్చాక ఈ టెన్షన్ ఇంకా పెరిగింది. క్రైస్తవంలోకి మారినవాళ్లు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేరన్నది ఆ తీర్పు. దాని మీద మాకు బాధ ఉంది, అది వేరే చర్చ. నేను మీ దృష్టికి తెచ్చేది ఒక్కటే. ఆ తీర్పు 341 జీవోను రద్దు చేయలేదు. అయినా ఏ ఆఫీసుకు వెళ్లినా, మీకు అన్నీ కోర్టు తీసేసింది కదా అనే మాట వినిపిస్తోంది. అలా కాదని చెప్పాల్సింది మీరే.

బీసీ-సీ అనే గ్రూపు మాకు ఇచ్చారు కదా అని ఎవరైనా అడగవచ్చు. అది ఒక్క శాతం. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ ఒక్క శాతమే. ఉద్యోగాల నోటిఫికేషన్‌లో ఆ ఒక్క శాతం వంతు ఎన్ని పోస్టులకు ఒకసారి వస్తుందో మీకు నాకంటే బాగా తెలుసు. జెరూసలేం యాత్రకు ప్రభుత్వం సాయం చేసింది, పాస్టర్లకు గౌరవ వేతనం పెట్టింది. సంతోషమే. కానీ బొప్పాయి తోటలో పనిచేసే అక్క జెరూసలేం చూడాలని అడగలేదు. బండి పెట్టుకుని పిల్లలను చదివించుకోవాలని అడిగింది.

అందుకని మేము కోరేది ఇది. 341 జీవో ఇప్పుడు అమలులో ఉందని, దాని కింద ఫలానా ఫలానా పథకాలు వస్తాయని, ఫలానా ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలని ఒక మెమో ఇవ్వండి. జిల్లా కలెక్టర్లందరికీ పంపండి. దాన్ని తెలుగులో అచ్చు వేయించి ప్రతి సచివాలయం గోడకు అంటించండి, ఆన్‌లైన్ ఫారంలో ఆ గడి పెట్టించండి. ఇవ్వడం కుదరకపోతే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పాలని రూలు పెట్టండి. జీవో కింద దరఖాస్తు పెట్టుకున్నారన్న కారణంతో వాళ్ల అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల సర్టిఫికెట్లను తిరగదోడబోమని కూడా ఆ మెమోలోనే హామీ ఇవ్వండి. ఈ చివరి మాట లేకపోతే మిగతా అంతా వృథా. భయపడి ఎవరూ ముందుకు రారు.

ఒకవేళ మీ శాఖ దృష్టిలో ఆ జీవోకు కాలం చెల్లిందనుకోండి, అదైనా బహిరంగంగా చెప్పండి. తెలిస్తే మా దారి మేము వెతుక్కుంటాం. ఏదీ చెప్పకుండా ఆఫీసు నుంచి ఆఫీసుకు తిప్పడం మాత్రం ఆపండి.

మా వైపు పనులు కూడా ఆ రోజు మా ముందుంటాయి. అన్ని వేళ్లూ మీ వైపే చూపించి కూర్చోం. మాల పల్లెవాళ్లు, మాదిగ పల్లెవాళ్లు ఒకే గుడిలో ఒకే పాత్రలోంచి ప్రభు భోజనం తీసుకుంటాం, బయటికొచ్చాక పెళ్లి సంబంధం మాట వస్తే మాత్రం ఎవరి పల్లె వాళ్లదే. సమాధుల స్థలంలో కూడా కొన్నిచోట్ల మధ్యలో గీత ఉంది. కులం వల్ల మాకు అన్యాయం జరిగిందని ప్రభుత్వాన్ని అడిగేవాళ్లం, మా మధ్య కులాన్ని దాచుకుంటే మా మాటకు బలం ఉండదు. అందుకే ఆ రోజు మధ్యాహ్నం వంట రెండు పల్లెల ఆడవాళ్లూ కలిసి చేయాలని స్త్రీల సమాజం తీర్మానించింది. సమాధుల స్థలం మాట యువజనులు సభలోనే తెస్తామన్నారు. కొందరు పెద్దలకు ఇది నచ్చలేదు. నాకు చాలా నచ్చింది. అక్టోబరు 31న సంస్కరణ దినం ఆరాధనకు, నవంబరు రెండో ఆదివారం దళిత విమోచన ఆదివారానికి కూడా ఇదే పనిని ముందుకు తీసుకెళ్తాం. 2027కు ఏఈఎల్‌సీకి (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చికి) నూరేళ్లు. గుంటూరు, గోదావరి వైపు సోదర సంఘాలు పండుగకు సిద్ధమయ్యేటప్పుడు, మా తిరుపతి, కోడూరు వైపు నుంచి మేము తీసుకెళ్లగలిగిన మంచి వార్త ఇలాంటి మెమో ఒకటి అయితే బాగుంటుందని నా ఆశ.

మంత్రి గారూ, మీరు స్వయంగా వస్తే మాకు గౌరవం. రాలేకపోతే మీ శాఖ నుంచి, నిర్ణయం గురించి మాట్లాడగలిగే ఒక అధికారిని పంపండి. దండలు, శాలువాలు, ఉపన్యాసాలు ఏమీ పెట్టం. ఉదయం ఆరాధన అయ్యాక చెట్టు కింద ఒక బల్ల, రెండు కుర్చీలు వేస్తాం. జీవో కింద అడగాలనుకునేవాళ్లు అర్జీలు తెచ్చుకుంటారు. చదువు రానివాళ్లకు మా యువజనులు రాసిపెడతారు. ప్రతి అర్జీ రెండు కాపీలు ఉంటుంది. ఒకటి మీ అధికారి తీసుకుని, రెండోదాని మీద తేదీతో స్టాంపు వేసి, సంతకం పెట్టి తిరిగి ఇవ్వాలి. పండ్ల బండి అడిగిన అక్కను కూడా రమ్మని చెప్పాను. వస్తానంది.

ఇట్లు,
ఒక లూథరన్ సంఘ పెద్ద,
రైల్వే కోడూరు, పాత కడప జిల్లా