తెలుగువాడైతే లెక్క అడగొద్దా?

సంపాదకుడు గారికి,

మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల వార్త వస్తే చాలు, 'మన తెలుగు బిడ్డ' అని మురిసిపోతాం. గర్వపడటం తప్పు కాదు గానీ, ఆ మురిపెంలో ప్రశ్నలు మానేశాం.

ఆయన 2014 ఫిబ్రవరిలో పగ్గాలు చేపట్టారు. జూలైకల్లా 18,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. అందులో ఎక్కువ, మైక్రోసాఫ్ట్ కొన్న నోకియా ఫోన్ల విభాగం నుంచి వచ్చినవాళ్లవి. ఆ కొనుగోలు బేరం ఆయన కుదిర్చింది కాదు, ఒప్పుకుంటాను. మరి 2023 జనవరిలో 10,000? 2025 మే, జూలైల్లో కలిపి దాదాపు 15,000? 2025 జూన్‌తో ముగిసిన ఏడాదిలో కంపెనీ లాభం పది వేల కోట్ల డాలర్లు దాటింది. ఆయన జీతభత్యాలు 9.65 కోట్ల డాలర్లు. నష్టాలొచ్చి తీసేశారంటే అర్థం చేసుకోవచ్చు. లాభాల్లో ఉండి తీసేస్తూ, పైగా 'సహానుభూతి' మా సంస్కృతి అంటేనే మింగుడుపడదు.

2014 అక్టోబరులో ఓ మహిళా సదస్సులో, జీతం పెంచమని అడగలేని ఆడవాళ్లు ఏం చేయాలంటే, వ్యవస్థను నమ్మండి, అడగకపోవడమూ మంచి కర్మేనన్నారు. అదే రోజు పొరపాటైందని ఒప్పుకున్నారు, అది మెచ్చుకోవాల్సిందే. కాకపోతే నోరుజారి వచ్చిన మాటే లోపలి మాటేమోనని నా అనుమానం.

హనుమకొండలో మా వీధి పిల్లలు కొందరు కోడింగ్ నేర్చుకుంటూ ఇలాంటి కంపెనీల కోసమే ఎదురుచూస్తున్నారు. పెద్ద ప్యాకేజీల వార్త మొదటి పేజీలో వేసే పత్రికలు, కోతల వార్తనూ అక్కడే వేయాలని నా మనవి.

— ఒక రిటైర్డ్ లెక్చరర్, హనుమకొండ